సాఫ్ట్ టాప్ వెనక అద్దం మళ్ళీ అతికించే ముందు పాత గమ్ తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కన్వర్టిబుల్ కారు, అంటే గుడ్డ పైకప్పు (సాఫ్ట్ టాప్) మడిచి తీసేయగలిగే కారు, వెనక అద్దం ఆ గుడ్డ నుంచి ఊడితే అందరూ ముందు అడిగేది "ఏ గమ్ వాడాలి?" అని. నేనూ అదే అడిగాను. మా పాత కన్వర్టిబుల్ అద్దాన్ని మూడుసార్లు అతికించాను. రెండుసార్లు ఊడింది, మూడోసారి వేసింది ఇప్పుడు నాలుగో ఎండాకాలం చూస్తోంది. మూడుసార్లూ వాడింది ఒకే రకం గమ్. కింద ఉన్న పాత గమ్ ఎంతవరకు తీశాను అన్నదాంట్లోనే తేడా అంతా ఉంది. మేముండేది డాలస్ దగ్గర, వేసవిలో 40 డిగ్రీల దాకా వెళ్ళే ప్రాంతం, ఇక్కడ సగం సగం చేసిన పని ఒక్క జూలై కూడా నిలవదు. అప్పటి నుంచి ఇలాంటి కారున్న స్నేహితులు, బంధువులు ఫోన్ చేసి అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నా కారుకి ఇది వర్తిస్తుందా?

వెనక కిటికీ గాజుదై, గుడ్డకి కుట్టు లేకుండా గమ్‌తోనే అంటుకుని ఉంటే వర్తిస్తుంది. మెత్తగా వంగే ప్లాస్టిక్ కిటికీ అయితే కింద దానికి వేరే ప్రశ్న ఉంది, ముందు అది చదవండి, ఎందుకంటే గాజుకి చేసే పనులు ప్లాస్టిక్‌కి చేస్తే కిటికీ పాడైపోతుంది. ఒకే మోడల్లో కూడా సంవత్సరాన్ని బట్టి మారుతుంది. మజ్దా మియాటా మొదటి తరం ప్లాస్టిక్ కిటికీతో వచ్చింది, రెండో తరంలో గాజు వచ్చింది. హోండా ఎస్2000 కూడా 2000, 2001 మోడళ్ళలో ప్లాస్టిక్, 2002 నుంచి గాజు. పోర్షె బాక్‌స్టర్‌కి 2003 మోడల్ నుంచి గాజు. పాత కారు కొన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో మోడల్ పేరు చూసి నమ్మకండి, ముందటి ఓనర్ టాపే మార్చేసి ఉండొచ్చు. గోటితో తట్టి చూడండి, తెలిసిపోతుంది.

అసలు అద్దం ఎందుకు ఊడుతుంది?

టాప్ వేసినప్పుడల్లా గుడ్డ డోలు చర్మంలా బిగుసుకుని అద్దం అంచుని లాగుతూ ఉంటుంది. తీసినప్పుడు అదే అంచు మడత పడుతుంది. ఏళ్ళ తరబడి ఎండకి గుడ్డ కొంచెం కుంచించుకుపోతుంది, గమ్ గట్టిపడుతుంది. తడి టాప్‌ని అలాగే మడిచి పెట్టే అలవాటు ఉంటే అంచులో నీళ్ళు నిలిచి ఇంకా తొందరగా పోతుంది. ఎక్కువగా పైన మూలల్లో మొదలవుతుంది, వేలు పట్టేంత సందు కనిపించిన రోజే పని మొదలుపెడితే మంచిది. హైవే మీద గాలికి ఆ సందు చాలా వేగంగా పెరుగుతుంది.

పాత గమ్ మీదే కొత్త గమ్ వేసేస్తే సరిపోదా?

నేను మొదటిసారి చేసింది అదే. కొత్త గమ్ చాలా గట్టిది, దానిలో లోపం ఏమీ లేదు, కానీ అది పట్టుకున్నది పాత గమ్‌ని, ఆ పాత గమ్ గాజుని ఎప్పుడో వదిలేసింది. వారం తిరక్కుండా మొత్తం ఒక పట్టీలా, పాత గమ్‌తో సహా, ఊడి చేతికొచ్చింది. సున్నం పెచ్చులూడుతున్న గోడ మీద రంగు వేస్తే ఆ రంగు పెచ్చుతో పాటే రాలుతుంది కదా, ఇదీ అంతే.

ఒకే ఒక మినహాయింపు ఉంది. ఉన్నది యూరిథేన్ (కారు అద్దాలు అతికించే నల్లటి, రబ్బరులాంటి గమ్) అని మీకు ఖచ్చితంగా తెలిసి, అది గాజుకి ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటే, దాన్ని మొత్తం తీయక్కర్లేదు. పదునైన బ్లేడుతో ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం మిగిలేలా సమంగా కోసి, ఆ తాజా కోత మీద కొత్త యూరిథేన్ వేస్తే అది చాలా బాగా పడుతుంది. విండ్‌షీల్డ్ మార్చేవాళ్ళు కూడా కారు బాడీ మీద ఇదే పద్ధతి పాటిస్తారు. అయితే కోసిన వెంటనే వేయాలి, చెయ్యి తగలకూడదు, దుమ్ము పడకూడదు. రెండు నెలల క్రితం కోసి వదిలేసినదైతే పైపొర మళ్ళీ సన్నగా కోయండి.

ఉన్నది ఏ గమ్మో ఎలా తెలుసుకోవాలి?

ఈ ఒక్క ప్రశ్నకి అరగంట కేటాయించండి, మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. పాత కార్లలో ఒకటి కంటే ఎక్కువ రకాలు ఒకదాని మీద ఒకటి ఉండడం మామూలే, కాబట్టి నాలుగు పక్కలా నాలుగు చోట్ల చూడండి.

నల్లగా, రబ్బరులా ఉండి, గోరు గుచ్చితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి లేచి, బ్లేడుతో కోస్తే నున్నటి కోత వస్తే అది యూరిథేన్. నల్లగానే ఉండి, వేళ్ళకి అంటుకుంటూ, లాగితే నమిలిన చూయింగ్ గమ్‌లా తీగలు సాగితే అది బ్యూటైల్, ఎండకి కారిన మరకలు కూడా ఉంటాయి. పసుపు, గోధుమ రంగులో పల్చటి పొరలా ఉండి, బొటనవేలితో గట్టిగా రుద్దితే ఉండలు చుట్టుకుపోతే అది కాంటాక్ట్ సిమెంట్, అంటే మన దగ్గర సీట్ కవర్ల వాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు వాడే ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం. తెల్లగా, పెళుసుగా, వంచితే చిట్లిపోయేది ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ. కొవ్వొత్తి మైనంలా ఉండి వేడి తగిలితే మెత్తబడేది గ్లూ గన్‌తో వేసింది.

ఇక సిలికోన్. చూడ్డానికి యూరిథేన్‌లాగే నల్లగా ఉండొచ్చు, పారదర్శకంగా కూడా ఉండొచ్చు. వేలితో రుద్దితే కొంచెం జారుతున్నట్టు ఉంటుంది. దాని మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయండి, ఆరాక బొటనవేలితో తుడవండి. గీత సరిగ్గా పడకపోయినా, ఇట్టే చెరిగిపోయినా సిలికోన్ అనే అనుకోండి. అద్దం అంచులో ఎక్కడైనా సిలికోన్ కనిపిస్తే దాని గురించి కింద రాసినది తప్పకుండా చదవండి.

ఏమేం సామాను కావాలి?

సింగిల్ ఎడ్జ్ రేజర్ బ్లేడులు ఒక డబ్బా, వాటికి పట్టే స్క్రేపర్, ప్లాస్టిక్ రేజర్ బ్లేడులు, పెయింటర్స్ టేప్, నైట్రైల్ గ్లవ్స్, రంగు పోని తెల్లటి నూలు గుడ్డలు చాలా, 91 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఐసోప్రోపైల్ ఆల్కహాల్, చిన్న డబ్బా మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పల్చన చేసే ద్రవం), కళ్ళకి రక్షణగా పెట్టుకునే అద్దాలు. సన్నటి వంపు కత్తెర ఒకటి ఉంటే గుడ్డ పనికి చాలా ఉపయోగం. డిక్కీ మీద, వెనక సీటు మీద పరవడానికి పాత దుప్పట్లు. మందుల షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్‌లో నీళ్ళు ఎక్కువ, అది చివరి తుడుపుకి పనికిరాదు.

బ్లేడుల దగ్గర పొదుపు చేయకండి. మొద్దుబారిన బ్లేడు మీద బలం పెట్టినప్పుడే అది జారి చెయ్యి తెగుతుంది, గుడ్డ కూడా తెగుతుంది. నాకు ఒక్క అద్దానికి ఇరవై పైన బ్లేడులు పట్టాయి.

అద్దం సగం ఊడింది, సగం అంటుకునే ఉంది. మొత్తం తీయాలా?

ఊడింది అరచేయి వెడల్పులోపే ఉండి, మిగతా అంచంతా గట్టిగా ఉంటే ఆ భాగం వరకే శుభ్రం చేసి అతికించొచ్చు. పావు వంతు దాటితే మొత్తం తీయడమే నయం, ఎందుకంటే మిగిలింది కూడా అదే వయసు గమ్, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది.

తీసే ముందు రెండు పనులు చేయండి. ముందు భాగంలో లాచ్ (గొళ్ళెం) విప్పి, టాప్ ముందు అంచుని కొన్ని అంగుళాలు పైకి లేపి ఏదైనా ఆనించి ఉంచండి, గుడ్డ బిగుతు తగ్గి అద్దం మీద లాగుడు పోతుంది. తర్వాత డీఫ్రాస్టర్ (మంచు, ఆవిరి పోయేలా అద్దాన్ని వేడెక్కించేది) వైర్లు అద్దం నుంచి విప్పండి. ఆ వైరు లాగకూడదు, కనెక్టర్ పట్టుకుని మెల్లగా జరపాలి, అద్దం మీద టంకం వేసిన చిన్న రేకు ఊడితే అది ఇంకో పెద్ద తలనొప్పి. ఇంకొక మనిషి లోపల కూర్చుని రెండు చేతులతో అద్దం పట్టుకోవాలి. మా బావమరిది పట్టుకున్నాడు, వాడు లేకపోతే ఆ అద్దం సీటు మీద పడేదే.

మిగిలిన గమ్‌ని విడదీయడానికి సన్నటి పొడవాటి బ్లేడు గాజుకి ఆనించి నడిపించాలి. బ్లేడు ఎప్పుడూ గాజు వైపే వాలి ఉండాలి, గుడ్డ వైపు తిరగకూడదు. గట్టి ఫిషింగ్ లైన్ సందులో దూర్చి ఇద్దరు చెరో కొస పట్టుకుని రంపంలా లాగితే కూడా తెగుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పైకి ఎత్తడం మాత్రం వద్దు. ఇది టెంపర్డ్ గాజు, అంటే వేడి చేసి గట్టిపరిచినది, మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కానీ అంచుకి ఇనుము తగిలి చిన్న పెచ్చు లేచినా మొత్తం పేలాల్లా రాలిపోతుంది.

గాజు మీద గమ్ ఎలా తీయాలి?

గాజు పని తేలిక, దాని మీద ధైర్యంగా పని చేయొచ్చు. బల్ల మీద మందపాటి దుప్పటి పరిచి అద్దం దాని మీద పెట్టండి. ముందు లావుగా ఉన్న గమ్‌ని బ్లేడుతో పొరలు పొరలుగా కోసేయండి. తర్వాత గాజు మీద సబ్బు నీళ్ళు చిలకరించి, స్క్రేపర్ సుమారు 30 డిగ్రీల వాలులో పట్టుకుని ఒకే దిశలో తోయండి. ముందుకీ వెనక్కీ గీకితే బ్లేడు కింద ఇసుక రేణువు పడి గాజు మీద గీతలు పడతాయి. గాజు పొడిగా ఉన్నప్పుడు గీకకండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. యూరిథేన్ మీద రసాయనం పోసి కరుగుతుందేమో అని కూర్చుంటారు. ఒకసారి పూర్తిగా గట్టిపడిన యూరిథేన్ అసిటోన్‌లో గానీ థిన్నర్‌లో గానీ కరగదు, కొంచెం ఉబ్బుతుంది అంతే. దాన్ని కోసి తీయాల్సిందే. బ్యూటైల్, కాంటాక్ట్ సిమెంట్ మాత్రం కరుగుతాయి. బ్యూటైల్‌కి మినరల్ స్పిరిట్స్ తడిపిన గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే జారిపోతుంది. సూపర్ గ్లూకి అసిటోన్ పని చేస్తుంది, బల్ల మీద ఉన్న గాజుకి అసిటోన్ వల్ల నష్టం లేదు. అదే అద్దం ఇంకా గుడ్డకి అంటుకుని ఉంటే మాత్రం అసిటోన్ బయటికి తీయకండి.

అద్దం అంచు చుట్టూ ఉన్న నల్ల బార్డర్ కూడా గమ్మేనా? గీకేయాలా?

కాదు, దాన్ని ముట్టుకోకండి. అది 600 డిగ్రీలు దాటిన వేడిలో గాజుతో పాటే కాల్చిన సిరామిక్ పూత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గమ్ మీద పడకుండా ఆపేది అదే. బ్లేడు వాలుగా పెట్టి దాని మీదున్న గమ్ తీయొచ్చు కానీ ఉప్పు కాగితం, వైర్ బ్రష్, డ్రిల్లుకి పెట్టే చక్రాలు వాడితే పూత లేచిపోతుంది. నల్ల రంగు తుడిచే గుడ్డకి అంటుతోంది, వెలుతురుకి ఎత్తి చూస్తే సన్నటి చిల్లులు కనిపిస్తున్నాయి అంటే ఎక్కువ గీకారని అర్థం. అలా జరిగితే యూరిథేన్‌కి వాడే నల్ల ప్రైమర్ (గమ్ బాగా పట్టడానికి ముందుగా పూసేది) ఆ చోట పూయండి.

డీఫ్రాస్టర్ గీతలు దెబ్బతినకుండా ఎలా?

గీతలు ఉండేది లోపలి వైపు. చాలా కార్లలో గుడ్డ అతికేది బయటి వైపు, కాబట్టి సాధారణంగా బ్లేడు గీతల జోలికి పోదు. కానీ లోపలికి కారిన గమ్ తీయాలంటే పోతుంది. అక్కడ ఇనుప బ్లేడు అసలు వాడకండి, ప్లాస్టిక్ బ్లేడు, అదీ గీత వెంబడి పొడవుగా, గీతకి అడ్డంగా ఎప్పుడూ వద్దు. ఆ గీతలు గాజు మీద కాల్చిన వెండి పూత, వెంట్రుక వెడల్పు తెగినా ఆ వరస మొత్తం వేడెక్కడం మానేస్తుంది. తెగితే ఆటో పార్ట్స్ షాపుల్లో దొరికే కరెంటు పారే రిపేర్ పెయింట్ చిన్న చుక్క పెట్టొచ్చు, చిన్న కోతలకి బాగానే పని చేస్తుంది.

గుడ్డ మీద గమ్ తీయడం ఎలా? అసలు కష్టం ఇక్కడే కదా?

అవును, ఇక్కడే. నా రెండో ప్రయత్నం పోయింది కూడా ఇక్కడే. గాజు అద్దంలా మెరిసేలా చేశాను, గుడ్డని ఒకసారి తుడిచి వదిలేశాను. మూడు నెలలకి ఊడినప్పుడు గమ్ మొత్తం గాజు మీదే ఉండిపోయింది, గుడ్డ మాత్రం శుభ్రంగా విడిపోయింది.

ముందు గుడ్డ ఎలా తయారైందో తెలుసుకోవాలి. కాన్వాస్ టాప్ అని మనం పిలిచేది, హార్ట్జ్ కంపెనీ స్టేఫాస్ట్ లాంటిది, నిజానికి మూడు పొరలు: పైన యాక్రిలిక్ నేత, మధ్యలో నీళ్ళు దిగకుండా పల్చటి రబ్బరు, లోపల నూలు కలిసిన ఇంకో నేత. ఘాటైన సాల్వెంట్ (గమ్‌ని కరిగించే ద్రవం) పోస్తే అది నేతలోంచి దిగి మధ్య రబ్బరుని ఉబ్బిస్తుంది, పొరలు విడిపోయి పైన బుడగలు లేస్తాయి. ఆ బుడగలు మళ్ళీ అణగవు, టాప్ మార్చుకోవడమే. వినైల్ (రెక్సిన్ లాంటిది) టాప్ అయితే సాల్వెంట్ దాన్ని మెత్తగా ఉంచే నూనెని లాగేస్తుంది, ఆ పట్టీ మాత్రం గట్టిపడి కొన్నాళ్ళకి పగులుతుంది. కాబట్టి గుడ్డ మీద పని అంతా చేతులతో, ఓపికతో చేయాలి.

అతికే పట్టీ ఎంత వెడల్పో చూసుకుని దాని బయటి గీత వెంబడి పెయింటర్స్ టేప్ రెండు వరసలు అంటించండి, బయట కనిపించే గుడ్డకి ఏదీ తగలకుండా. గుడ్డ కింద చిన్న చెక్క పలక పెట్టండి, గాల్లో వేలాడే గుడ్డని గీకలేరు. బ్యూటైల్, గ్లూ గన్ గమ్, కాంటాక్ట్ సిమెంట్ అయితే ఐస్ ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి పది నిమిషాలు దాని మీద పెట్టండి, గట్టిపడి పెళుసుగా అవుతాయి, అప్పుడు ప్లాస్టిక్ బ్లేడుతో తడితే పొలుసుల్లా లేస్తాయి. యూరిథేన్‌కి ఐస్ వల్ల లాభం లేదు, ఆ చలికి అది మెత్తగానే ఉంటుంది. దాన్ని వంపు కత్తెరతో నేతకి దగ్గరగా, గడ్డం ట్రిమ్ చేసినట్టు, కొంచెం కొంచెంగా కత్తిరించాలి. నేతలోపలికి దిగిపోయిన యూరిథేన్‌ని తవ్వకండి. అది గట్టిగా పట్టుకుని ఉంది అంటే మనకి మేలే, దాని మీద కొత్తది పడుతుంది. వదులుగా, గోరు పెడితే లేచేదంతా మాత్రం పోవాలి.

చివర్లో నైలాన్ బ్రష్‌తో దుమ్ము దులిపి, ఆల్కహాల్‌తో తడిపి బాగా పిండిన గుడ్డతో లోపలి నుంచి అంచు వైపు తుడవండి. ప్రతి తుడుపుకి గుడ్డలో కొత్త వైపు. మురికి రావడం ఆగేదాకా. నాకు నాలుగు అంచులకి కలిపి మూడు సాయంత్రాలు పట్టింది, గాజుకి రెండు గంటలే పట్టింది. నేత దారాలు ఊడి పీచులా ఉంటే ఆ పీచుని కత్తిరించేయండి, గమ్ పీచుని పట్టుకుంటే ఆ దారంతోనే వచ్చేస్తుంది.

సిలికోన్ ఉంది. ఇప్పుడేంటి?

మా కారుకి ముందటి ఓనర్ వేసింది ఇదే. హార్డ్‌వేర్ షాపులో బాత్రూం కోసం అమ్మే సిలికోన్ ట్యూబు చవగ్గా దొరుకుతుంది, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటుంది, అందుకని వేస్తారు. సిలికోన్ మీద యూరిథేన్ పట్టదు, కాంటాక్ట్ సిమెంట్ పట్టదు, కొత్త సిలికోన్ కూడా నమ్మకంగా పట్టదు. కంటికి కనిపించని పల్చటి పొర మిగిలినా చాలు, మీ పని మొత్తం వృథా.

గాజు మీదైతే తీయగలం. బ్లేడుతో మొత్తం గీకాక, సిలికోన్ రిమూవర్ అని ప్రత్యేకంగా అమ్మేది పూసి, దాని డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, మళ్ళీ గీకి, మినరల్ స్పిరిట్స్‌తో తుడిచి, ఆ జిడ్డు పోయేదాకా ఆల్కహాల్‌తో తుడిచి, మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి. సిలికోన్ తాకిన గుడ్డముక్కలు, బ్లేడులు, గ్లవ్స్ పారేసి కొత్తవి తీసుకోండి, లేకపోతే మీరే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పూస్తున్నట్టు.

గుడ్డలోకి దిగిన సిలికోన్ మాత్రం పూర్తిగా రాదు. పైపైన ఉంటే చుట్ట చుట్టినట్టు వేళ్ళతో లాగి, కత్తిరించి తీయొచ్చు. నేతలో దిగి ఉంటే రెండే దారులు. గుడ్డ అంచు వెడల్పుగా ఉండి రెండు మూడు మిల్లీమీటర్లు వదులుకోగలిగితే ఆ సిలికోన్ పట్టిన అంచుని కత్తిరించేయడం, మాకు అదృష్టం కొద్దీ అలా కుదిరింది. లేదా కొత్త టాప్ వేయించడం. ఈ మాట ఎవరికీ నచ్చదు, నాకు తెలుసు, కానీ సిలికోన్ నిండిన గుడ్డ మీద ఖరీదైన యూరిథేన్ వేసి, అది ఊడి అద్దం రోడ్డు మీద వెనక వచ్చేవాళ్ళ మీద పడే పరిస్థితి కంటే అది నయం.

హీట్ గన్ వాడొచ్చా?

కాంటాక్ట్ సిమెంట్‌కి, గ్లూ గన్ గమ్‌కి తక్కువ వేడిలో వాడొచ్చు. చెయ్యి పెట్టి రెండు సెకన్లు ఓర్చుకోలేనంత వేడి అయితే గుడ్డకి అది ఎక్కువే. హెయిర్ డ్రయర్ చాలు, నిజానికి అదే మంచిది. గాజు ఒక్క చోటే కాల్చకండి, చల్లగా ఉన్న గాజు పగలొచ్చు. యూరిథేన్‌ని పొగ వచ్చేలా కాల్చడం అసలు వద్దు, మాడిన యూరిథేన్ పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. అదే కారణంతో గ్రైండర్, వైర్ వీల్ కూడా పక్కన పెట్టండి. బ్రేక్ క్లీనర్ స్ప్రే చేసిన చోట వేడి పెట్టడం ఇంకా ప్రమాదం, వాటిలో క్లోరిన్ ఉన్న రకాలు వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు ఇస్తాయి.

డబ్ల్యూడీ-40, గూ గాన్ (జిగట తీయడానికి షాపుల్లో అమ్మేది), కొబ్బరినూనె వాడొచ్చా?

జిగట పోతుంది, నిజమే. కానీ ఇవన్నీ నూనె వదులుతాయి, కొత్త గమ్‌కి నూనెకి మించిన శత్రువు లేదు. బల్ల మీద ఉన్న గాజు మీద వాడి, తర్వాత సబ్బుతో కడిగి ఆల్కహాల్‌తో తుడుచుకోగలిగితే సరే. గుడ్డ మీద వద్దు, నేత నూనె పీల్చుకుంటే మళ్ళీ బయటికి రాదు.

పెట్రోల్‌తో తుడిస్తే?

ఊళ్ళో పెరిగిన మనకి చేతికి గ్రీజు అయితే పెట్రోల్ అలవాటు. ఇక్కడ వద్దు. జిడ్డు మిగులుస్తుంది, పైగా అమెరికాలో చాలా ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దానిలో మంట ఎప్పుడు వెలుగుతుందో మన చేతిలో లేదు. అసిటోన్ కూడా అంతే, సున్నాకి 20 డిగ్రీలు కింద ఉన్న చలిలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి లేదా డ్రైవ్‌వేలో చేయండి.

గమ్ పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుంది?

గాజు మీద శుభ్రమైన నీళ్ళు చల్లండి. నీళ్ళు పల్చటి పొరలా పరుచుకుని నిలిస్తే శుభ్రం. తామరాకు మీద నీటిబొట్టులా ముత్యాలు కడితే ఇంకా జిడ్డో, సిలికోనో ఉంది. యూరిథేన్ పొర మిగిల్చిన చోట ఈ పరీక్ష కుదరదు, అక్కడ గోటితో లేపి చూడండి. గుడ్డ మీద పెయింటర్స్ టేప్ ముక్క గట్టిగా అంటించి లాగండి, టేప్‌కి పెచ్చులు, పొడి అంటుకుంటే ఇంకా పని ఉంది.

శుభ్రం చేసిన వెంటనే గమ్ వేయొచ్చా?

ఆల్కహాల్ పూర్తిగా ఆరాలి. ఇది చాలామందికి తెలియదు: గట్టిపడని యూరిథేన్ ఆల్కహాల్‌తో కలిస్తే సరిగ్గా గట్టిపడదు, ఎన్ని రోజులైనా జిగటగానే ఉండిపోతుంది. గాజుకి పదిహేను నిమిషాలు చాలు, గుడ్డని నేనైతే రాత్రంతా వదిలేశాను. తర్వాత మీ యూరిథేన్ కంపెనీదే అయిన ప్రైమర్ వేయండి, ఒక కంపెనీ గమ్‌కి ఇంకో కంపెనీ ప్రైమర్ కలపకండి. ప్రైమర్ ఎంతసేపు ఆరాలో దాని మీదే రాసి ఉంటుంది.

అతికించాక ఎన్ని రోజులు ఆగాలి?

ట్యూబు యూరిథేన్ గాల్లో తేమతో గట్టిపడుతుంది, మామూలు వాతావరణంలో రోజుకి సుమారు మూడు మిల్లీమీటర్ల లోతు. వానాకాలం హ్యూస్టన్‌లో తొందరగా, అరిజోనా ఎండలో నెమ్మదిగా అవుతుంది. రెండు రోజులు కారు కదపకండి, వారం పాటు టాప్ మడవకండి, కార్ వాష్‌కి వెళ్ళకండి. మొదటి రోజంతా అద్దం అంచుకి సమంగా ఒత్తిడి ఉండేలా లోపలా బయటా చెక్కపట్టీలు పెట్టి క్లాంపులు మెల్లగా బిగించండి, మరీ బిగిస్తే గమ్ అంతా బయటికి వచ్చేస్తుంది.

నా కిటికీ ప్లాస్టిక్‌ది. దాని మీద పడిన గమ్?

అసిటోన్, థిన్నర్, ఆల్కహాల్ ఏదీ వద్దు, మబ్బు పట్టినట్టు తెల్లబడి అలాగే ఉండిపోతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, వేలి కొస. ఇనుప బ్లేడు వద్దు. నిజానికి ప్లాస్టిక్ కిటికీలు చాలావరకు కుట్టినవే, కాబట్టి అది పాతబడి పసుపు రంగుకి వస్తే కుట్టు విప్పి కొత్తది కుట్టించడమే సరైన పని, గమ్‌తో అతికించడం కాదు. ఇండియాలో ఉన్నవాళ్ళు అడిగే థార్, జిప్సీ సాఫ్ట్ టాప్‌లకి కూడా ఇదే సమాధానం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెక్సిన్ పని బాగా చేసే సీట్ కవర్ల షాపు పట్టుకుని, పాత కిటికీని కొలతకి ఇచ్చి, మందపాటి పారదర్శక షీటుతో కుట్టించుకోండి. సూది చిల్లుల మీద లోపలి వైపు సీమ్ సీలర్ పూయమని చెప్పండి.

కొత్త గమ్ కారు పెయింట్ మీద పడింది, చేతికి అంటుకుంది

పెయింట్ మీద తడిగా ఉండగానే మినరల్ స్పిరిట్స్ గుడ్డతో తుడవండి, వెంటనే సబ్బు నీళ్ళతో కడగండి. చేతికి అయితే ముందు పొడి కాగితంతో తుడిచి, తర్వాత వంట నూనె, సబ్బు. చర్మం మీద సాల్వెంట్లు వాడకండి. గట్టిపడని యూరిథేన్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, కొందరికి అవి ఒకసారి పడకపోతే ఆ తర్వాత కొంచెం వాసనకే ఊపిరి ఆడదు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని ఇంకొకరితో చేయించుకోండి.

సాల్వెంట్ గుడ్డలు చెత్తబుట్టలో వేయొచ్చా?

తడిగా ఉండగా వద్దు. బయట తీగ మీద విడివిడిగా ఆరేసి, పూర్తిగా ఆరాక వేయండి. మిగిలిన ద్రవాలు సింకులో పోయకండి, మీ కౌంటీలో ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

వారం తర్వాత ఒక మూల మళ్ళీ లేచింది. మొత్తం పీకాలా?

కంగారు పడకండి, ముందు ఆ మూల లోపల టార్చ్ వేసి చూడండి. గమ్ గాజు మీద ఉండి గుడ్డ ఖాళీగా ఉంటే గుడ్డ సరిగ్గా శుభ్రం కాలేదు. గమ్ గుడ్డ మీద ఉండి గాజు ఖాళీగా మెరుస్తుంటే గాజు మీద జిడ్డుంది లేదా ప్రైమర్ పడలేదు. రెండు వైపులా గమ్ ఉండి మధ్యలో చిరిగి ఉంటే రెండు చోట్లా మీ శుభ్రత బాగుంది, గట్టిపడే ముందే గుడ్డ లాగేసింది అంతే, ఇంకోసారి ఎక్కువ రోజులు క్లాంపు పెడితే సరిపోతుంది. ఏ వైపు ఖాళీగా ఉందో ఆ వైపు మాత్రమే, ఆ మూల వరకే, మళ్ళీ గీకి తుడిచి వేయండి. మిగతా అంచులన్నీ బొటనవేలితో నొక్కుతూ ఒక చుట్టు చూడండి, ఎక్కడా మెత్తగా లోపలికి పోకపోతే వాటిని కదపకండి.